విద్యార్థి రహస్యము ఎవరి సొత్తు?

పదునాలుగు పదునైదేండ్ల విద్యార్థి ఒకడు పాఠశాలలోని కౌన్సెలరు గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "సార్, నేను చెప్పేది ఎవ్వరితోనూ అనకండి" అని మొదలుపెట్టును. ఈ ఒక్క వాక్యమునకు కౌన్సెలరు ఏమని బదులు చెప్పవలెను? "అనను" అని మాట ఇయ్యవచ్చునా? ఇచ్చినచో ఆ మాటను ఎంతవరకు నిలుపుకొనవలెను? కన్నతండ్రి వచ్చి అడిగినప్పుడు, ప్రధానోపాధ్యాయుడు పిలిపించి అడిగినప్పుడు, ఆ మాట గతి ఏమి? పైకి చూచుటకు ఇది పాఠశాల నిర్వహణకు సంబంధించిన చిన్న విషయమువలె తోచును. విచారించినకొలది, విశ్వాసమునకును వాత్సల్యమునకును అధికారమునకును నడుమ పడిన పెద్ద చిక్కుముడియని తెలియవచ్చును.

ఈ ప్రశ్న నేడు ముందునకు వచ్చుటకు కారణము కలదు. విశాఖపట్టణములో వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచుండిన 17 ఏండ్ల విద్యార్థిని ఒకతె 2023 జూలైలో మరణించినది. ఆ వ్యవహారము సుప్రీంకోర్టుదాక పోగా, 2025 జూలై 25వ తేదీన న్యాయమూర్తులు విక్రమ్‌నాథ్, సందీప్ మెహతాలు తీర్పు చెప్పుచు, తగిన చట్టము వచ్చువరకు దేశమందలి విద్యాసంస్థలన్నియు పాటింపవలసిన 15 మార్గదర్శక సూత్రములను విధించిరి. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థయందును బాలల మనస్స్వాస్థ్య విషయమున శిక్షణ పొందిన కౌన్సెలరుగాని, మనస్తత్త్వవేత్తగాని, సాంఘిక కార్యకర్తగాని ఒక్కరైనను ఉండవలెననుట అందులో ఒకటి. 2022వ సంవత్సరమున దేశములో 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణములు తామే తీసికొనిరని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెప్పుచున్నవి. కావున ఈ తీర్పు రావలసినదే. ఇక గది ఏర్పడును, కుర్చీ ఏర్పడును, తలుపుమీద పేరుపలక ఏర్పడును. ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఎవరి మనిషి అను సంగతిని మాత్రము ఏ ఉత్తర్వును తేల్చజాలదు. అది మనము తేల్చుకొనవలసినది.

ముందుగా ఆ పని ఎట్టిదో చూతము. కౌన్సెలరు అను మాటకు తెలుగున సరియైన పదము ఇంకను కుదురుకొనలేదు. సలహాదారు అందుమా, సలహా చెప్పుట అతని పనిలో మిక్కిలి చిన్న భాగము. బోధకుడు అందుమా, బోధించువారు పాఠశాలలో ఇదివరకే కావలసినంతమంది ఉన్నారు. వినుటయే అతని ముఖ్యమైన పని. అందువలన ఆ ఇంగ్లీషు మాటనే ఉంచుట మేలని నా అభిప్రాయము. మొదట ఈ వృత్తి పుట్టినది మనోవ్యథను తీర్చుటకు కాదు, ఉద్యోగము చూపించుటకు. 1908లో ఫ్రాంక్ పార్సన్స్ బోస్టను నగరమున స్థాపించిన సంస్థ, పనికొరకు వచ్చు యువకులకు వారి శక్తికి తగిన వృత్తిని ఎంచుకొనుటలో తోడ్పడెడిది. 1942లో కార్ల్ రోజర్స్ తన గ్రంథమును ప్రకటించిన పిమ్మట దృష్టి మారినది. వచ్చినవానికి దారి చూపుటకంటె, వాని మాటను తీర్పు చెప్పక వినుటయే వానికి బలమిచ్చునని ఆయన వాదించెను. మన దేశమున 1954లో కేంద్ర ప్రభుత్వము విద్యా వృత్తి మార్గదర్శక సంస్థను ఏర్పరచెను. 1964-66 నాటి కొఠారీ కమిషను మాధ్యమిక పాఠశాలలు పదింటికి ఒక సందర్శక కౌన్సెలరైనను ఉండవలెనని సూచించెను. అరువది ఏండ్లు గడచినను ఆ పదింటికి ఒకడు కూడ మన పల్లెపట్టణములలో కానరాలేదు. అమెరికాలోని పాఠశాల కౌన్సెలర్ల సంఘము 250 మంది పిల్లలకు ఒకరుండవలెనని చెప్పుచున్నది.

మన ఇండ్లలో ఈ పని చేయువారు లేకపోలేదు. తండ్రికి చెప్పుకొనలేని మాటను పిల్లవాడు అమ్మమ్మకు చెప్పెడివాడు. ఆడపిల్ల పినతల్లికి చెప్పెడిది. మేనమామ ఊరినుండి వచ్చినప్పుడు చెరువుగట్టుమీద నడచుచు అన్ని మాటలును బయటికి వచ్చెడివి. వారి గొప్పతనము వారి తెలివిలో లేదు. వారు నిర్ణయము చేయువారు కాకపోవుటలో ఉన్నది. బడి మాన్పించు అధికారముగాని, పెండ్లి చేయు అధికారముగాని, కొట్టు అధికారముగాని వారికి లేదు. అధికారము లేని పెద్దరికము వారిది. ఇల్లు చిన్నదైనది, పిల్లవాడు వసతి పాఠశాలకు పోయెను. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి ప్రభుత్వ గురుకుల పాఠశాల వెలసినప్పటినుండి పేద పిల్లలు వేలకొలది అట్టి పాఠశాలలలో చదివి పైకి వచ్చిరి. ఆ మేలును ఎవరును కాదనరు. అయినను, రాత్రి దీపములార్పిన తరువాత ఏడుపు వచ్చిన పిల్లవానికి అక్కడ అమ్మమ్మ లేదు, మేనమామ లేడు. ఖాళీయైన ఆ చోటునే కౌన్సెలరు నింపవలసియున్నది. కావున అతనికిని అధికారము లేకుండుటయే అతని బలము. ఈ సూక్ష్మమును మరచి, క్రమశిక్షణ సంఘములో అతనిని సభ్యునిగా కూర్చుండబెట్టు పాఠశాలలు కలవు. ఉదయము దోషిగా నిలిచి చూచిన ముఖమునకు మధ్యాహ్నము మనసు విప్పుట ఏ బిడ్డకు సాధ్యము?

ఇక రహస్యము సంగతి. మన ప్రాచీన ధర్మశాస్త్రములు వ్యవహార పదములలో నిక్షేపమును ఒకటిగా చెప్పినవి. తెనుగున దీనినే ఇల్లడ అందురు. ఊరు విడిచి పోవుచు ఒకడు మూటగట్టి, ముద్రవేసి, పొరుగువాని ఇంట ఉంచిపోవును. ఉంచుకొన్నవాడు మూటను విప్పిచూడరాదు, వాడుకొనరాదు, మరియొకరికి ఇయ్యరాదు. అడిగినప్పుడు అదే ముద్రతో తిరిగి ఇయ్యవలెను. మూట తన ఇంటనే ఉన్నను తనది కాదు. విద్యార్థి చెప్పిన మాటయు ఇట్టిదే. కౌన్సెలరు చెవిలో పడినంతమాత్రమున అది అతని సొత్తు కాలేదు. ఉపాధ్యాయుల గదిలో తేనీరు త్రాగుచు "ఆ తొమ్మిదో తరగతి పిల్ల సంగతి తెలుసునా" అని ప్రారంభించువాడు ఇల్లడను అమ్ముకొన్నవానితో సమానుడు. పేరు చెప్పకున్నను, చిన్న ఊరిలో ఆనవాలు చెప్పినచో పేరు చెప్పినట్లే.

దీనికి తల్లిదండ్రులనుండి గట్టి ఆక్షేపణ రాగలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. తండ్రి ఇట్లనును: "వాడు నా కొడుకు. కన్నాను, పెంచాను. వాడికి జ్వరం వస్తే డాక్టరు నాకు చెబుతాడు. మనసుకు జ్వరం వస్తే మాత్రం నాకు చెప్పకూడదా? నిన్నగాక మొన్న వచ్చిన మీకు తెలిసింది, నాకు తెలియకూడదా?" ఈ మాటలలో అహంకారము కొంత ఉండవచ్చును, న్యాయమును ఉన్నది. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డకు చట్టము తల్లిదండ్రులనే సంరక్షకులుగా ఎంచినది. చికిత్సకు ఒప్పుకొనవలసినవారు వారు. రాత్రి మేలుకొని చూచుకొనవలసినవారును వారే. వారిని చీకటిలో ఉంచి పిల్లవానికి మేలు చేయుదుననుకొను కౌన్సెలరు, తనకు తెలియకయే ఇంటికి పోటీ పెట్టుచున్నాడు. అట్టి పోటీలో ఓడిపోవునది పిల్లవాడే.

అయినను తండ్రి మరచుచున్న సంగతి ఒకటున్నది. ఆ మాట అతనికి తెలియకుండుటకు కారణము కౌన్సెలరు కాడు. కౌన్సెలరు రాకమునుపే పిల్లవాడు దానిని తండ్రికి చెప్పలేకపోయినాడు. పదవ తరగతి చదువుచున్న బాలునికి గణితము ఎక్కదు, చిత్రలేఖనమన్న ప్రాణము. ఇంట మాత్రము ఇంజనీరింగు నిశ్చయమైపోయినది. ఈ మాట వాడు నాలుగు నెలలు గొంతులోనే ఉంచుకొన్నాడనుకొందము. కౌన్సెలరు సాయంత్రమే తండ్రికి ఫోను చేసి చెప్పినచో తండ్రికి వార్త అందును, కొడుకు అందడు. పైపెచ్చు, మరునాడు ఆ బడిలో ఇంకొక పిల్లవాడెవ్వడును ఆ గది గడప త్రొక్కడు. చెప్పవలసినది పిల్లవాడే చెప్పునట్లు వానిని సిద్ధపరచుట కౌన్సెలరు పని. ఏ మాటతో మొదలుపెట్టవలెను, నాయన కోపగించుకొన్నచో ఏమి చేయవలెను, అమ్మకు ముందు చెప్పుదమా, నేనును ప్రక్కన కూర్చుందునా అని నాలుగైదు మారులు మాటలాడుకొని, ఒకనాడు ముగ్గురును కూర్చుందురు. ఆ మాట పిల్లవాని నోటనే తండ్రి చెవిని పడును. మన పాత ఇండ్లకు వీధి అరుగు ఉండెడిది. అది పూర్తిగా ఇల్లును కాదు, వీధియును కాదు. ఇంటికి రాదలచినవాడు కొంత తడవు కూర్చుండి అలసట తీర్చుకొను చోటు. కౌన్సెలరు గది అట్టి అరుగు. పిల్లవాడు అక్కడనే కాపురముండుటకు రాలేదు.

మరి ఏ మాటనైనను దాచవలసినదేనా? కాదు. ఇచ్చటనే చాలమంది మంచివారు కూడ తొట్రుపడుదురు. జాలిగుండె గలవాడు పిల్లవాని మొదటి వాక్యమునకు కరగి "ప్రాణం పోయినా చెప్పను" అనివేయును. అట్లనుట తప్పు. పోవునది పిల్లవాని ప్రాణమైనచో ఆ మాట ఎట్లు నిలుచును? ఇల్లడ ఉంచుకొన్న ఇల్లు తగులబడుచున్నప్పుడు మూటను ముట్టను అని చేతులు కట్టుకొనువాడు విశ్వాసపాత్రుడు కాడు. బ్రతుకవలెనని లేదన్న సూచన, తన్నుతాను గాయపరచుకొనుట, ఎవరో హింసించుచున్నారన్న మాట వినబడిన క్షణమునుండి కౌన్సెలరు ఒంటరిగా మోయరాదు. ఇంటివారికి, వైద్యునికి తెలుపవలెను. పిల్లవానిని ఒంటరిగా విడువరాదు. ఏ ఊరినుండియైనను ఏ వేళనైనను 14416 సంఖ్యకు ఫోను చేసినచో ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలీమానస్ వారు ఉచితముగా మాటలాడుదురు. తల్లిదండ్రులును, పిల్లలును ఈ సంఖ్యను వ్రాసి ఉంచుకొనదగినది.

లైంగిక హింస విషయమున చట్టము సందేహమునకు తావే ఉంచలేదు. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము, పదునెనిమిదేండ్లలోపు బిడ్డపై అట్టి నేరము జరిగినదని తెలిసిన ఎవరైనను పోలీసులకు తెలుపవలెను. తెలుపకున్న శిక్ష కలదు. సంస్థకు అధిపతియైనవాడు తన క్రింది ఉద్యోగి చేసిన నేరమును దాచినచో ఏడాదివరకు ఖైదు పడవచ్చును. పాఠశాల పరువు అను మాట ఇచ్చట చెల్లదు. అపరాధి బంధువైనను, ఉపాధ్యాయుడైనను, ఆ బడికి భూదానము చేసిన పెద్దమనిషియైనను ఒకటే. ఇట్టి సందర్భమున ఇంటివారికి చెప్పుటలోను వివేకము కావలెను. అపరాధి ఆ ఇంటిలోనే ఉండవచ్చును.

ఈ హద్దులను రహస్యము విన్న తరువాత చెప్పినచో అది మోసమగును. ముందే చెప్పవలెను. పిల్లవాడు "ఎవ్వరితోనూ అనకండి" అన్నంతనే, "నీ మాట నా దగ్గరే ఉంటుంది నాయనా. అయితే నీకు గాని ఇంకొకరికి గాని ప్రమాదం ఉందని నాకు తోస్తే మాత్రం ఇంకొకరి సాయం తీసుకుంటాను. అప్పుడు కూడా ముందు నీకు చెప్పే తీసుకుంటాను" అని శాంతముగా పలుకవలెను. ఇట్లన్నచో పిల్లలు నోరు మూసికొందురని కొందరు భయపడుదురు. మూసికొనువారు కొందరుండవచ్చును. కాని పిల్లలకు మనము అనుకొనునదానికంటె ఎక్కువ తెలియును. ప్రమాదము వచ్చినచో అడ్డుపడెదనన్న మనిషి దొరికెనని లోలోపల ఊరట పొందు బిడ్డలే ఎక్కువ.

తల్లిదండ్రుల సంగతికంటె కఠినమైనది యాజమాన్యము సంగతి. కౌన్సెలరుకు జీతమిచ్చునది యాజమాన్యము. నెలాఖరున మేనేజరు పిలిచి, "ఎవరెవరు మీ దగ్గరకు వచ్చారు? ఎందుకు వచ్చారు? రిజిష్టరు ఇలా ఇవ్వండి" అని అడుగును. ఇయ్యకున్న ఉద్యోగము పోవును. ఇచ్చినచో బలహీనులని తేలిన పిల్లల పేర్లు వేరొక పట్టికకు ఎక్కును. ఆ పిల్లలను క్రింది సెక్షనుకు మార్చుటయు, "మీ అబ్బాయిని తీసుకుపొండి" అని టి.సి. చేతికిచ్చుటయు జరుగవచ్చును. ఫలితములు చెడగొట్టుదురన్న భయము సంస్థకు. తన గోడు చెప్పుకొన్నందుకే శిక్ష పొందిన పిల్లవాని ముందు ఆ కౌన్సెలరు ఎట్లు తలయెత్తుకొనును?

జీతము ఇచ్చువాడు ఒకడు, పని ఎవరి కొరకో వారు వేరొకరు కావచ్చును. న్యాయమూర్తికి జీతమిచ్చునది ప్రభుత్వమే. ప్రభుత్వముపై వ్యాజ్యమును అతడే వినును. బిజ్జలుని కొలువులో ఉండి భాండాగారమును కాచిన బసవేశ్వరుని కథ ఈ పత్రిక చదువరులకు నేను చెప్పవలసినది కాదు. కాయకమును చాకిరినుండి వేరుచేయునది ఈ విచక్షణయే. కౌన్సెలరు యాజమాన్యమునకు తన రాకపోకల లెక్క చెప్పవచ్చును. ఎంతమంది వచ్చిరో చెప్పవచ్చును. ఎవరు వచ్చిరో, ఏమి చెప్పిరో చెప్పరాదు.

ఇంతవరకు మౌనమును గూర్చి వ్రాసితిని. దీనినే మొత్తము ధర్మమనుకొనుట పొరపాటగును. తెల్లవారుజామున అయిదు గంటలకు లేపి, రాత్రి పది దాటువరకు చదివించు వసతిగృహము ఒకటి ఉన్నదనుకొనుడు. వారము దినములలో పదిమంది పిల్లలు వచ్చి నిద్ర పట్టుటలేదని, తిన్నది ఇముడుటలేదని, పరీక్ష కాగితమును చూచిన చేతులు వణకుచున్నవని చెప్పిరి. పదిమందికిని దీర్ఘశ్వాస తీయుట నేర్పి, ధైర్యము చెప్పి పంపినచో ఆ కౌన్సెలరు తన పని చేసినట్లేనా? చెప్పులు కరచి పుండ్లు పడిన పదిమంది పాదములకు మందు పూయుచు, చెప్పుల మాట ఎత్తని వైద్యుని వంటివాడు అతడు. పిల్లవానిని యంత్రమునకు సరిపోవునట్లు సరిచేసి పంపుటయే తన విద్యయనుకొన్నచో, అతడా యంత్రమునకు నూనె పోయువాడే. నేడు అనేక సంస్థలు కౌన్సెలరును కోరుట ఈ పనికొరకే యని నా అనుమానము; తీర్పు వచ్చిన తరువాత ఆ కోరిక మరింత పెరుగవచ్చును.

పిల్లవాని పేరు ఇల్లడ. వాని బాధకు కారణమైనది ఇల్లడ కాదు. పేర్లు దాచి కారణములను బయటపెట్టుటకు కౌన్సెలరు బద్ధుడు. "ఈ నెలలో వచ్చినవారిలో సగముమందికి నిద్ర లేదు, రాత్రి చదువు తగ్గించండి," "వారపు పరీక్ష మార్కులను గోడకు అంటించినప్పుడెల్ల నా గదికి వచ్చేవారు పెరుగుతున్నారు, అంటించడం మానండి" అని వ్రాతమూలముగా చెప్పవలెను. సుప్రీంకోర్టు సూత్రములును, ముఖ్యముగా శిక్షణసంస్థలను ఉద్దేశించి, మార్కులనుబట్టి పిల్లలను విడదీయుట, నలుగురిలో అవమానించుట, మోయలేని లక్ష్యములు పెట్టుట కూడదని చెప్పియున్నవి. కావున ఆ కాగితము వ్రాయు కౌన్సెలరు ఒంటరి కాడు.

బాధకు మూలము పిల్లవాని మనసులోనే ఉండునన్న నమ్మకము ఎంత ప్రమాదకరమో మనవారు 2019 ఏప్రిలులో చూచిరి. తెలంగాణలో ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడినప్పుడు మార్కుల నమోదులో తప్పులు దొర్లినవి. తెలుగులో సున్నా పడిన ఒక విద్యార్థినికి సరిచూచిన పిమ్మట 99 మార్కులని తేలినది. ఆ ఫలితముల వెనువెంట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు విడిచిరి. ఒక్కొక్కరి గుండెలో ఏమున్నదో తీర్పు చెప్పుటకు మనమెవరము? కాని ఆ వారములో సున్నా వచ్చిన బిడ్డ ఎవరైన కౌన్సెలరు ఎదుట కూర్చుండియున్నచో, "ఓటమిని తట్టుకోవడం నేర్చుకో" అనుట ఆ బిడ్డకు అన్యాయమే అయియుండెడిది. "నీ కాగితము మళ్లీ చూపించమందాము, పద" అని లేచి నడచుటయే ఆనాటి కౌన్సెలింగు.

మన సమాజములోను విద్యార్థి వసతిగృహములు నడపువారున్నారు, పాఠశాల సంఘములలో సభ్యులైనవారున్నారు. కౌన్సెలరును నియమించు తరుణము వచ్చినప్పుడు అభ్యర్థి పట్టాలను మాత్రమే చూచి ఊరకుండవలదు. ఉన్న ఉపాధ్యాయులలో ఒకరికి రెండు దినముల శిక్షణ ఇప్పించి ఆ పేరు తగిలించుట సులభమైన ఉపాయముగా కనబడును. జవాబుపత్రములు దిద్దు చేతికి పిల్లవాడు తన భయమును అప్పగింపడు. గది ప్రధానోపాధ్యాయుని గది ప్రక్కన ఉండరాదు. లోనికి పోవుచున్నవానిని వరండాలోని వారందరును చూచునట్లును ఉండరాదు. వ్రాతపుస్తకము ఏ బీరువాలో ఉండును, తాళపుచెవి ఎవరి మొలనుండును అని నియామక పత్రము వ్రాయుటకు మునుపే అడుగవలెను. కౌన్సెలరు ఉద్యోగము మానిపోయినచో ఆ పుస్తకము ఎవరి చేతికి పోవును అనియు అడుగవలెను. సంవత్సరాంతమున అతడు పేర్లు లేని నివేదికను సంఘము ముందు చదువవలెననియు, అందులో సంస్థను నొప్పించు మాటలున్నంతమాత్రమున అతని ఉద్యోగమునకు ముప్పు రాదనియు ఆ పత్రములోనే వ్రాయవలెను. ఈ చివరి వాక్యమును చేర్చుటకు ఎన్ని యాజమాన్యములు ఒప్పుకొనునో చూడవలసియున్నది.